అకడమిక్ ఇంగ్లిష్ తరగతిలో పది వారాలు: 9,000 రూపాయలకు ఏమి దక్కింది

గత ఏడాది నేను పంపిన పరిశోధన వ్యాసాన్ని ఒక జర్నల్ వారు తిప్పి పంపుతూ, విషయం మీద మూడు ప్రశ్నలు వేసి, నాలుగో అంశంగా ఇంగ్లిష్ మాతృభాష అయినవారి చేత ఒకసారి దిద్దించమని రాశారు. తిరుపతిలో అటువంటి మనిషిని ఎక్కడ వెదకాలో, అలిపిరి మెట్ల దగ్గర నిలబడి విదేశీ భక్తుల్లో ఎవరినైనా పట్టుకోవాలో నాకు తోచలేదు. ఆ వ్యాసం ప్రతిని సంచిలో పెట్టుకుని నెల రోజులు తిరిగిన తరువాత, సీనియర్ అక్క ఒకరు చెప్పగా బాలాజీ కాలనీలో ఒక ఇంటి మేడ మీద నడిచే అకడమిక్ ఇంగ్లిష్ తరగతిలో చేరాను. పది వారాలు, వారానికి మూడు సాయంత్రాలు, ఫీజు 9,000 రూపాయలు. అది పూర్తయి నాలుగు నెలలు గడిచాయి కాబట్టి, చేరిన ఉత్సాహమూ కట్టిన డబ్బు మీద బెంగా రెండూ చల్లారిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. ఆ ఇంటికి బోర్డు లేదు, నడిపే మేడమ్‌గారికి ప్రచారం ఇష్టం లేదు; పైగా నేను మెచ్చుకునే మాటలతో పాటు కొన్ని కోపపు మాటలు కూడా రాయబోతున్నాను గనుక పేరు రాయడం లేదు. విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేసేవారిలో నలుగురిని అడిగితే ఒకరైనా దారి చెబుతారు.

ముందుగా నా సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ తరగతి అందరికీ ఒకేలా ఉపయోగపడదు. చిత్తూరు జిల్లా పల్లెలో పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, చిత్తూరులో డిగ్రీ చేసి, ఇప్పుడు తిరుపతిలో వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఎర్రచందనం గింజలు ఎందుకు అంత తక్కువగా మొలుస్తాయన్నది నా విషయం. ఇంటర్ నుంచి పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌లోనే చదివాను, పరీక్షలన్నీ ఇంగ్లిష్‌లోనే రాశాను. అయినా చదివినదాన్ని పరీక్షలో అప్పజెప్పడం ఒక విద్య, మన చేతిలో ఉన్న కొత్త ఫలితాన్ని మనలను ఎన్నడూ చూడని పాఠకుడు నమ్మేలా రాయడం మరొక విద్య అని, ఆ తిరుగు టపా వచ్చేదాకా నాకు తెలియదు.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచి, శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి, ఐఐటీ, విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ అయిన ఐసర్ 2015 నుంచి ఉన్న ఊరు ఇది. వాటికి పశువైద్య విశ్వవిద్యాలయాన్నీ స్విమ్స్ వైద్య సంస్థనూ జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయాన్నీ కలుపుకుంటే, సంస్కృతంలోనో తెలుగులోనో థీసిస్ రాసుకునే భాగ్యవంతులను మినహాయించినా, ఇంగ్లిష్‌లో రాయక తప్పనివారు వేలల్లో ఉంటారు. అయితే నేను వెదికినంతలో ఇక్కడి ఇంగ్లిష్ సంస్థలు రెండు రకాలు: ముప్పై రోజుల్లో మాట్లాడిస్తామనేవి, విదేశీ చదువులకు అడిగే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షకు తయారుచేసేవి. మొదటి రకం నా అవసరం కాదు. రెండో రకంలో ఒకచోట డెమో క్లాసుకు కూర్చున్నాను. ఆ పరీక్షలో రాతకు గంట సమయం, రెండు ప్రశ్నలు. ఒకదానికి కనీసం 150 పదాలు, మరొకదానికి కనీసం 250 పదాలు రాయాలి. రెండో ప్రశ్నలో అభ్యర్థి తన అభిప్రాయాన్ని తన అనుభవంలోంచి, తన ఎరుకలోంచి సమర్థించుకుంటే చాలు, ఎవరి పరిశోధననూ ఉదహరించే పని లేదు. నా వ్యాసంలోనేమో ప్రతి మాటకూ వెనుక ఎవరో ఒకరు సాక్ష్యంగా నిలబడాలి, ఎవరి మాట ఎక్కడ ముగిసి నా మాట ఎక్కడ మొదలైందో గీత కనిపించాలి. ఆ కోచింగ్‌లో చెప్పేవారు మంచివారే, వారు నేర్పే విద్య వేరు.

ఇక తరగతి విషయానికి వస్తాను. రాత నేర్పేది మేడమ్‌గారు. డిగ్రీ కళాశాలలో చాలా ఏళ్లు ఇంగ్లిష్ చెప్పి పదవీ విరమణ చేశారు. మాట నేర్పేది వేరొక యువకుడు. ఆయన గురించి తరువాత. సోమ, బుధవారాల్లో పాఠం, శుక్రవారం దిద్దుబాటు. పాఠాలు బాగానే ఉంటాయి, కానీ నిజం చెప్పాలంటే వాటిలో సగం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికేవే. కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ పాఠాల వేదిక 'స్వయం'లో అకడమిక్ రచన మీద పాఠాలు ఉన్నాయి. పరిశోధన వ్యాసంలో ఏ సందర్భానికి ఏ వాక్యం వాడతారో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వారు ఒక పెద్ద వాక్యాల కోశాన్నే ఉచితంగా ఉంచారు. నేను 9,000 కట్టింది శుక్రవారాల కోసమని రెండో వారానికే అర్థమైంది.

శుక్రవారం నాడు ఒక్కొక్కరు తాము రాసిన ఒక పేజీ తీసుకుని మేడమ్‌గారి పక్కన కూర్చోవాలి. ఆమె చేతిలో ఎర్ర సిరా పెన్ను ఉంటుంది గానీ, మొదటి పది నిమిషాలు దాని మూత తీయరు. నా వ్యాసం మొదటి వాక్యం ఎర్రచందనం ప్రపంచంలోనే అత్యంత ముఖ్యమైన చెట్లలో ఒకటి అని చెప్పేది. 'వన్ ఆఫ్ ది' తరువాత 'ట్రీ' అని ఏకవచనం రాశాను కాబట్టి ఆ తప్పే పట్టుకుంటారనుకున్నాను. ఆమె పెన్ను పక్కన పెట్టి, "ఏమ్మా, ప్రపంచంలో ముఖ్యమని ఎవరు చెప్పినారు నీకు? ఎవరికి ముఖ్యం? స్మగ్లర్లకా?" అన్నారు. నేను తడబడి, అది తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగదని, కాయకు గట్టి పెంకు ఉండడం వల్ల గింజ మొలవడం కష్టమని, నరికినంత వేగంగా అడవి తిరిగి పెరగదని తెలుగులో చెప్పుకొచ్చాను. "మరి ఇంత మాట నోట్లో పెట్టుకుని, ఆ మొదటి వాక్యం ఎందుకు రాసినావు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అందరూ అలాగే మొదలుపెడతారని రాశాను, అంతే. నేను చెప్పిన మూడు సంగతులనూ మూడు చిన్న ఇంగ్లిష్ వాక్యాలుగా అక్కడే కూర్చుని రాయించారు. 'వన్ ఆఫ్ ది' సంగతి ఆ వాక్యంతోనే కొట్టుకుపోయింది.

ఇలా దాదాపు ఇరవై అయిదు నిమిషాలు ఒక్కొక్కరికి. ఒక పేజీలో ఆమె దిద్దేవి పది, పన్నెండు తావులకు మించవు. అన్ని తప్పులూ గీసి రక్తసిక్తం చేసి ఇవ్వడం తేలికే గాని, తీసుకున్నవాడికి ఏది ముందు సరిచేసుకోవాలో తెలియదని ఆమె వాదన. నా రాతలో ఆమె మొదట పట్టుకున్న రోగం వాక్యం పొడవు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. "ఫలానా అడవిలో ఏరి, నీడలో ఆరబెట్టి, పెంకు తీసి, ఇరవై నాలుగు గంటలు నానబెట్టిన గింజలు" అంటూ ఎంత సేపు నడిపినా మన చెవి ఓపికగా క్రియ కోసం ఎదురుచూస్తుంది. ఇంగ్లిష్ పాఠకుడికి కర్త వినబడగానే క్రియ కావాలి. నేను తెలుగు అలవాటును అలాగే తీసుకుపోయి, 'సీడ్స్' అనే కర్తకూ దాని క్రియకూ మధ్య ముప్పై ఒక్క పదాలు దట్టించాను. ఆమె వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టించారు. ఆ వాక్యాన్ని మూడు ముక్కలు చేశాక చదివితే, నేను ఆరబెట్టినది పెంకు తీయకముందో తీసిన తరువాతో మొదటి వాక్యంలో అసలు తెలియడమే లేదని బయటపడింది. ప్రయోగం చేసిన నాకే ఆ లోటు కనిపించలేదు.

ఆర్టికల్స్ గురించి మాత్రం ఇంతకుముందు ఎవరూ చెప్పని విధంగా చెప్పారు. తెలుగులో 'ది' అనే మాట లేదు గనుక మనకు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మానాలో తెలియదని ప్రతి వ్యాకరణ పుస్తకమూ ఏదో ఒక రూపంలో చెబుతుంది. చెప్పి నియమాల పట్టిక ఒకటి ఇస్తుంది. మేడమ్‌గారు, "తిరుపతిలో ఎవరైనా 'నిన్న కొండకు పోయొచ్చినాం' అంటే ఏ కొండ అని అడుగుతామా?" అన్నారు. అడగం, ఈ ఊళ్లో కొండ అంటే ఒకటే కొండ. వినేవాడికి ఏదో ముందే తెలిసినప్పుడు వాడేదే 'ది'. "అదే మీ ఊరి పక్కన ఒక గుట్ట ఎక్కినాననుకో, వినేవాడికి అది కొత్త, అప్పుడు 'ఒక' అంటావు గదా, అక్కడ 'ఎ'." మొదటిసారి ప్రస్తావించేటప్పుడు 'ఎ మెథడ్', తరువాతి వాక్యం నుంచి 'ది మెథడ్' ఎందుకవుతుందో ఆ రోజుతో తేలిపోయింది. అన్ని సందర్భాలకూ ఈ కొండ ఉపమానం సరిపోదు, నదుల పేర్లకూ దేశాల పేర్లకూ విడిగా నేర్చుకోవలసిందే. కానీ నా వ్యాసంలో తప్పుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క మాటతో తగ్గాయి.

ఇంకొక శుక్రవారం నా ఫలితాల చర్చలో 'ప్రూవ్స్' అనే మాటను చుట్టి, పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. గింజను వేడినీటిలో నానబెడితే మొలక శాతం పెరిగింది కాబట్టి పెంకే అడ్డమని రుజువైందని రాశాను. శాస్త్ర రచనలో ఒక ప్రయోగంతో ఏదీ రుజువు కాదని, ఫలితం ఎంతవరకు మోయగలదో మాట అంతే బరువుండాలని చెప్పి, 'సజెస్ట్', 'అపియర్', 'మే', 'లైక్లీ' వంటి మాటలు ఎక్కడెక్కడ వాడతారో చూపించారు. ఇది మనకు కొత్త విద్య కాదు. పల్లెలో ఎవరూ "పక్కూర్లో వాన పడింది" అని తేల్చి చెప్పరు, "పడిందంట" అంటారు. కళ్లతో చూసినదానికీ విన్నదానికీ ఊహించినదానికీ క్రియ చివరలు మార్చుకునే భాష మనది. ఇంగ్లిష్ రాయడానికి కూర్చోగానే ఆ జాగ్రత్తను గడప బయట వదిలి, పెద్ద గొంతుతో రాస్తాము. ఎందుకో నాకు ఇప్పటికీ అంతుచిక్కదు. బహుశా పరీక్ష పేపర్లలో సందేహంగా రాస్తే మార్కులు పోతాయన్న భయం కావచ్చు.

ఉపోద్ఘాతం రాయడానికి ఆమె నేర్పిన పద్ధతి, భాషా పండితుడు జాన్ స్వేల్స్ 1990లో వివరించిన మూడు అడుగుల నమూనా. ఆ రంగంలో ఇప్పటిదాకా ఏమి తెలుసో చెప్పడం, అందులో ఖాళీ ఎక్కడుందో చూపడం, ఆ ఖాళీని మన పని ఎలా పూరిస్తుందో ప్రకటించడం. మా తరగతిలో దీనికి పెట్టుకున్న పేర్లు పొలం, బీడు, నాగలి. ఈ ఊరి పొలాలు ఇవి, ఇందులో ఫలానా ముక్క బీడుగా ఉంది, దాన్ని నేను దున్నుతాను అన్నట్టుగా రాయాలి. నా పాత ప్రతిలో ఎర్రచందనం మీద ఎవరెవరు ఏమి రాశారో రెండున్నర పేజీలు ఉంది, బీడు ఎక్కడా లేదు. చివరి వాక్యంలో మాత్రం నాగలి పట్టుకుని హఠాత్తుగా ప్రత్యక్షమయ్యాను. ఆ రెండున్నర పేజీలను ఒక పేజీకి తగ్గించడానికి మూడు శుక్రవారాలు పట్టింది. ఒక్కొక్కరి పరిశోధనను ఒక్కో పేరాగా వరుసపెట్టి రాయడం సాహిత్య సమీక్ష కాదని, గింజ పెంకు గురించి చెప్పినవారందరినీ ఒకచోట, నిల్వ గురించి చెప్పినవారిని మరొకచోట కూర్చోబెట్టి వారిలో వారికి ఎక్కడ పొత్తు కుదరలేదో చూపాలని చెప్పడం వినడానికి సులువే; చేయడానికి ఆ వ్యాసాలన్నీ మళ్లీ చదవాల్సి వచ్చింది.

పదసంపద మీద ఒకే ఒక్క వారం. భాషా పరిశోధకురాలు ఎవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రకటించిన అకడమిక్ పదాల జాబితాను జిరాక్స్ తీసి ఇచ్చారు. అందులో 570 పద కుటుంబాలు, అంటే ఒకే మూలం నుంచి పుట్టిన మాటల గుంపులు, ఉంటాయి, విద్యా సంబంధ రచనల్లో దాదాపు పదో వంతు పదాలు వాటిలోనివే. జాబితా చూస్తే తెలియని మాటలు పెద్దగా లేవు. తెలియనిదల్లా ఏ మాటకు ఏ మాట తోడు అన్నదే. 'ఎవిడెన్స్', 'ఎక్విప్‌మెంట్', 'ఇన్ఫర్మేషన్' వంటివాటికి బహువచనం ఉండదని, 'డిస్కస్' తరువాత 'అబౌట్' అక్కరలేదని, మనం తేలికగా రాసే 'రీసెర్చెస్' చాలాచోట్ల చెవికి గుచ్చుకుంటుందని ఒక పట్టిక చేయించారు. ఉపయోగపడింది, కానీ ఆ ఒక్క వారంలో అంతకంటే ఎక్కువ చేయవచ్చు.

ఈ తరగతిలో నాకు నచ్చిన మరో సంగతి, వారు మన కోసం రాసిపెట్టరు. ఇది చిన్న విషయం కాదు. థీసిస్ టైపింగ్, స్పైరల్ బైండింగ్ చేసే చోట్ల భాష దిద్దుతాం, ఇతరుల రాతలతో పోలిక శాతం తగ్గిస్తాం అని పేజీకి ఇంత అని తీసుకునే ఏర్పాటు ఒకటి రహస్యమేమీ కాకుండా నడుస్తూ ఉంటుంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 శాతం వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 శాతం వరకు ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికే వీలుండదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. భయం ఉన్నచోట బేరం ఉంటుంది. మా ల్యాబ్‌లోని అమ్మాయి ఒకరు అటువంటి చోట ఒక అధ్యాయం ఇచ్చి తెచ్చుకుంది. శాతం తగ్గిన మాట నిజమే. కానీ సాఫ్ట్‌వేర్‌తో ప్రతి మాటకూ పర్యాయపదం పెట్టించినందువల్ల 'సీడ్ కోట్' కాస్తా 'సీడ్ జాకెట్' అయింది, 'కంట్రోల్ గ్రూప్' వెళ్లి 'పవర్ గ్రూప్' అయింది. నవ్వుకున్నాం గాని, ఆ అధ్యాయాన్ని ఆమె మొదటి నుంచి రాసుకోవలసి వచ్చింది. ఇటువంటి వంకర మాటలకు 2021లో కొందరు పరిశోధకులు 'టార్చర్డ్ ఫ్రేజెస్' అని పేరు పెట్టి, అచ్చయిన వ్యాసాల్లోంచే వందల కొద్దీ పట్టి చూపారు. 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' బదులు 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' అని రాసినవారు కూడా వాటిలో దొరికారు.

మేడమ్‌గారు దీనికి విరుగుడుగా చేయించే అభ్యాసం ఒకటే. మూల వ్యాసంలో పేరా చదివి, కాగితం బోర్లించి, అందులో ఏముందో పక్కవారికి తెలుగులో చెప్పాలి. ఆ చెప్పినదాన్ని ఇంగ్లిష్‌లో రాసి, అప్పుడు మాత్రమే కాగితం తిప్పి, పొరపాటు అర్థం రాలేదు కదా అని సరిచూసుకుని, మూలం పేరు జోడించాలి. చెప్పలేకపోతే అర్థం కాలేదన్నమాట, మళ్లీ చదవాలి. చాట్‌జీపీటీ వంటివాటి విషయంలో ఆమె నిషేధం విధించలేదు, కానీ దాన్ని దిద్దమని అడిగినప్పుడు పాత వాక్యమూ కొత్త వాక్యమూ పక్కపక్కన పెట్టుకుని శుక్రవారం తీసుకురావాలని షరతు పెట్టారు. అలా తెచ్చిన రోజున, నేను 'మే' అని రాసినచోట యంత్రం దాన్ని తీసేసి వాక్యాన్ని నున్నగా, గట్టిగా చేసిపెట్టిన సంగతి రెండు తావుల్లో కనిపించింది. వ్యాకరణం అందులో మెరుగైంది, నా ఫలితం మాత్రం మారిపోయింది.

ఇప్పుడు కోపపు మాటలు. మాట నేర్పే భాగం ఈ ఫీజుకు తగినట్టు లేదు. శనివారాల్లో ఒక గంట అదనంగా ఉంటుందని చెప్పారు. పదింటిలో మూడు రద్దయ్యాయి. ఆ యువకుడు మర్యాదస్తుడే, ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడతాడు, కానీ ఐఈఎల్‌టీఎస్ కార్డులు తెచ్చి "మీరు మరచిపోలేని ప్రయాణం గురించి రెండు నిమిషాలు మాట్లాడండి" అంటాడు. మా బ్యాచ్‌లో రసాయన శాస్త్రం వారు, ఆర్థిక శాస్త్రం వారు, ఒక పశువైద్యుడు ఉన్నారు. వారికి కావలసింది పది నిమిషాల్లో తమ సెమినార్‌ను తలాతోకా కనిపించేలా చెప్పడం, పట్టికను చూపుతూ దాన్ని చదివి వినిపించకుండా అందులోని సారం చెప్పడం. మరచిపోలేని ప్రయాణంలో అందరూ తిరుమల మెట్లే ఎక్కారు. రెండు వారాలు అమెరికా యాస కోసం నోరు తిప్పించాడు; దాని అవసరం ఏమిటో నాకు అర్థం కాలేదు.

ఉచ్చారణలో మనకు నిజంగా కావలసినవి వేరే ఉన్నాయి, వాటిని ఒక్క తరగతిలో తడిమి వదిలేశారు. తెలుగులో ప్రతి అక్షరానికీ ఇంచుమించు ఒకే బరువు వేస్తాం. ఇంగ్లిష్‌లో మాటలో ఒక భాగం మీద ఊత పడుతుంది, ఆ ఊత తప్పితే తెలిసిన మాట కూడా వినేవాడికి చిక్కదు. 'అనాలిసిస్'లో ఊత రెండో భాగం మీద, 'అనలిటికల్'లో మూడో భాగం మీద. 'హైపాథెసిస్'ను మనవాళ్లు మొదటి భాగం మీద నొక్కి పలుకుతారు, అది రెండో దాని మీద ఉండాలి. 'డిటర్మిన్'ను 'డిటర్మైన్' అని అన్నవారు మా పదముగ్గురిలో తొమ్మిది మంది. నేనూ అందులో ఉన్నాను. మాట చివర అచ్చు చేర్చడం మన అలవాటు కాబట్టి 'టెస్టు', 'రిజల్టు' అవుతాయి. ఇంట్లో ఇబ్బంది లేదు గాని, ఒకదాని తరువాత ఒకటి హల్లులు వచ్చే వాక్యంలో ప్రతిచోటా ఆ చిట్టి ఉకారం చేరితే వినేవారు మాటల సరిహద్దులు వెదుక్కోవలసి వస్తుంది. భూతకాలపు 'ఎడ్' మూడు రకాలుగా పలుకుతుందన్న సంగతి పీహెచ్‌డీ మూడో ఏడాదిలో నాకు తెలిసింది. 'సోక్‌డ్'లో 'ట'కార ధ్వని, 'డ్రైడ్'లో 'డ'కారం, 'ప్లాంటెడ్'లో మాత్రమే పూర్తి అక్షరం. నా పద్ధతుల విభాగంలోని క్రియలు దాదాపుగా ఇవే. ఈ ఒక్క పాఠం మీదే నాలుగు శనివారాలు గడిపి ఉంటే ఎంత బాగుండేదో.

ఒక్క శనివారం మాత్రం మేడమ్‌గారే వచ్చి ఉత్తుత్తి వైవా, అంటే థీసిస్ మీద మౌఖిక పరీక్ష, పెట్టారు. ముగ్గురు పరీక్షకులుగా కూర్చుని ప్రశ్నలు వేయాలి, ఒకరు జవాబివ్వాలి. ప్రశ్న అర్థం కాకపోయినా మేమందరం "ఎస్ సార్" అని తలూపి, తెలిసిన సమాధానం ఏదో చెప్పుకుపోతున్నామని ఆ రోజు వీడియో చూస్తే గాని తెలియలేదు. పెద్దవారిని మళ్లీ అడగడం అమర్యాద అనే పెంపకం మనది. ప్రశ్నను మన మాటల్లో తిరిగి చెప్పి "మీరు అడిగేది ఇదేనా?" అని నిర్ధారించుకోవడం, ఆలోచించుకోవడానికి క్షణం అడగడం, తెలియనిదాన్ని తన పరిధిలో పరిశీలించలేదని ఒప్పుకోవడం, వీటికి మర్యాద చెడని ఇంగ్లిష్ వాక్యాలు అయిదారు బట్టీ పట్టించారు. బట్టీ అన్న మాటకు చిన్నచూపు వద్దు. గుండె దడదడలాడే వేళ నోటికి వచ్చేది బట్టీ పట్టినదే. థీసిస్ ఇచ్చేముందు జరిగే నా ప్రీ-సబ్మిషన్ సెమినార్‌లో ఆ వాక్యాల్లో రెండు వాడాను.

రెండో ఫిర్యాదు బ్యాచ్ పరిమాణం. చేరేటప్పుడు ఎనిమిది మందికి మించరన్నారు. మూడో వారానికి పదముగ్గురం అయ్యాం. శుక్రవారం ఒక్కొక్కరికి ఇరవై అయిదు నిమిషాల లెక్కన చూస్తే అది ఒక సాయంత్రానికి సాధ్యమయ్యే పని కాదు. ఆ తరువాత వారం విడిచి వారం వంతు వచ్చింది, అంటే నేను దేనికి డబ్బు కట్టానో అదే సగమైంది. అడిగితే, "రావద్దని ఎట్ల చెప్పేదమ్మా, అందరూ థీసిస్ గడువు అని ఏడుస్తా వస్తారు" అన్నారు. ఆమె మాటలో నిజం ఉంది, నా లెక్కలోనూ ఉంది. ఆఖరి రెండు వారాల్లో ఉదయం పూట విడిగా కూర్చోబెట్టి కొంత సర్దుబాటు చేశారు. అది ఆమె మంచితనం, ఏర్పాటులో భాగం కాదు.

చిన్న ఇబ్బందులు కూడా ఉన్నాయి. తరగతి ఆరున్నరకు మొదలై ఎనిమిదిన్నర దాటుతుంది కాబట్టి హాస్టళ్లలో ఉండే ఆడపిల్లలకు వెనక్కి చేరడం ఇబ్బందే. మేం నలుగురం కలిసి ఆటో మాట్లాడుకున్నాం, నెలకు ఆ ఖర్చు వేరు. మేడ మీది గది రేకుల కప్పు, వేసవిలో చేరితే ఓర్చుకోవాలి. పుస్తకం లేదు, జిరాక్స్ కాగితాలే. వాటిలో కొన్ని ఎన్నో తరాల నకళ్లై అక్షరాలు మసకబారాయి.

ఫలితం ఏమిటంటారా. తిరిగి రాసిన వ్యాసాన్ని వేరొక జర్నల్‌కు పంపాను. ఈసారి వచ్చిన ప్రశ్నలు అయిదు. నమూనాల సంఖ్య, గణాంక పద్ధతి, గింజల నిల్వ కాలం మీద. భాష గురించి ఒక్క వాక్యం లేదు. గణాంకాల మీద వేసిన ప్రశ్నకు జవాబు నాకింకా దొరకలేదు, అది ఇంగ్లిష్ తరగతిలో దొరికేదీ కాదు.

రాత భాగానికి నేను అయిదులో నాలుగున్నర ఇస్తాను, మాట భాగానికి ఒకటిన్నర. రెండూ విడివిడిగా కట్టుకునే వీలుంటే రాతకు 6,000 అయినా సంతోషంగా ఇచ్చేదాన్ని. అడిగి చూడండి, గత నెలలో చేరిన ఒకరికి ఒప్పుకున్నారని విన్నాను. వ్యాకరణం మొదటి నుంచి నేర్చుకోవాలనుకునే డిగ్రీ విద్యార్థులకు ఇది తగదు, వేగం అందుకోలేరు. విదేశీ ప్రవేశాలకు స్కోరు కావలసినవారికి కోచింగ్ సంస్థలే మేలు. చేతిలో ఫలితాలు ఉండి, రాయడం దగ్గర ఆగిపోయిన పరిశోధకులు చేరవచ్చు. చేరేముందు ఈ బ్యాచ్‌లో ఎంతమంది అని సూటిగా అడగండి, ఎనిమిది దాటితే తరువాతి బ్యాచ్ కోసం ఆగండి. ఫీజు రెండు విడతలుగా తీసుకుంటారు, రసీదు అడిగితేనే ఇస్తారు. మొదటి రోజున మీరు సొంతంగా రాసుకున్న నాలుగు పేజీలైనా, ఎంత అధ్వానంగా ఉన్నా సరే, అచ్చు తీసి వరుసల మధ్య ఖాళీ ఎక్కువ ఉంచి పట్టుకెళ్లండి. కాగితం లేకుండా వెళ్లిన మా పశువైద్య మిత్రుణ్ణి మొదటి శుక్రవారం మెట్ల మీద నుంచే వెనక్కి పంపేశారు.